తలుపు తీసినావిడదే రేడియో

రేడియో వినాలంటే ఒకప్పుడు గవర్నమెంటువారి పర్మిషను ఉండాలనీ, దానికో పుస్తకం ఉండేదనీ, ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి అందులో స్టాంపు బిళ్ళ అంటించుకు రావాలనీ చెబితే ఇప్పటి పిల్లలు మన మొహంలోకి అదోలా చూస్తారు. "వినడానికి పర్మిషనేమిటమ్మా? చెవులు మనవే కదా!" అంటారు. చెవులు మనవే, కాదనను. కాని ఆ చెవిలో పడే పాట గాలిలోంచి వచ్చేసరికి, ఆ గాలి ఎవరిదన్న పేచీ పుట్టింది. వందేళ్ళ కిందట పుట్టిన ఆ పేచీ ఇంకా తెమల్లేదు. పెట్టె మారింది గాని పేచీ అదే. నిన్న రేడియో, ఇవాళ కంప్యూటరు. మధ్యలో ఇంటి గడప దగ్గర నిలబడి సమాధానం చెప్పుకున్న మనిషి మాత్రం మారలేదు. ఆ మనిషి ఎవరో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ముందు ఆ పుస్తకం సంగతి. మన గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళ భోషాణాలు వెతికితే, శిస్తు రసీదులకీ శుభలేఖలకీ మధ్య ఎక్కడో అలాంటిది ఒకటి దొరుకుతుంది. చూడ్డానికి పోస్టాఫీసు పాసుబుక్కులా ఉంటుంది. ముందు లైసెన్సుదారు పేరు, చిరునామా, సెట్టు వివరాలు. తర్వాత పేజీల్లో ఏటేటా కట్టిన రుసుముకి అంటించిన బిళ్ళలు, వాటిమీద పోస్టాఫీసు ముద్రలు. 1970లలో రేడియోకి ఏడాదికి 15 రూపాయలు, టెలివిజనుకి 50. నేను తిరగేసిన పుస్తకాల్లో ఒక్కదానిమీదైనా ఆడపేరు కనబడలేదు. ఇంటాయన పేరే. ఆయన పొద్దున్న చేలోకో ఆఫీసుకో వెళితే చీకటి పడితే గాని రాడు. ఆ మధ్య పన్నెండు గంటలూ రేడియో విన్నదెవరో, దానిమీద దుమ్ము తుడిచి లేసు గుడ్డ కప్పిందెవరో ఆ పుస్తకంలో రాసి లేదు.

ఈ లైసెన్సుకి మూలం 1885 నాటి టెలిగ్రాఫు చట్టం. అప్పటికి రేడియో అనేది పుట్టనే లేదు. తంతి నడిపే హక్కు సర్కారుదే, ఇంకెవరు నడపాలన్నా సర్కారు లైసెన్సు ఇవ్వాలి అన్నది అందులో మాట. తరవాత తీగె లేకుండా కబురు పంపే విద్య వచ్చింది. దాన్నీ తెచ్చి ఆ గొడుగు కిందే నిలబెట్టారు. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టిగారూ మరికొందరు ఉత్సాహవంతులూ కలిసి రేడియో క్లబ్బు ఒకటి పెట్టి, సరదాగా పాటలూ మాటలూ గాలిలోకి వదిలారు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే అయినా, ఆ చిన్న యంత్రం గొంతు గోదారిదాకా వినిపించే ఆశ లేదు. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది.

సరిగ్గా ఆ ఏడే, జులై 23న, బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ ప్రసారాలు మొదలుపెట్టింది. నెల తిరక్కుండా... కాదు, నెలా మూడు రోజులకు, కలకత్తాలో రెండో స్టేషను తెరిచింది. వినేవాళ్ళు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు కట్టాలి, అందులో 80 శాతం కంపెనీకి ముడుతుంది. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగానే ఉంది. కట్టేవాళ్ళేరీ? మూడేళ్ళు గడిచినా దేశం మొత్తమ్మీద లైసెన్సులు 8 వేలు దాటలేదు. కట్టకుండా వినేవాళ్ళు మాత్రం ఊరూరా ఉన్నారు. కంపెనీ 1930 మార్చిలో చేతులెత్తేసింది. ఏప్రిల్ నుంచి గవర్నమెంటే ఆ స్టేషన్లను నడిపింది. దానికే 1936 జూన్‌లో ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు.

దొంగచాటుగా వినేవాళ్ళని పట్టుకోవాలంటే పాత చట్టంలో ఒక చిక్కుంది. టెలిగ్రాఫు నడపడం తప్పని అందులో ఉంది గాని, యంత్రాన్ని ఇంట్లో ఉంచుకోవడం తప్పని లేదు. "అబ్బే, నేను వినడం లేదండీ, అందంగా ఉందని బల్లమీద పెట్టుకున్నాను" అంటే ఆఫీసరు ఏం చేస్తాడు పాపం! అందుకని 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చేశారు. 1934 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడమే నేరం. మొదటిసారి దొరికితే 100 రూపాయలదాకా జుల్మానా, మళ్ళీ దొరికితే 250 దాకా. అనుమానం వస్తే ఇల్లు సోదా చేయడానికి గవర్నమెంటు అధికారమిచ్చిన ఆఫీసర్లు రావచ్చు. ఆ రోజుల్లో వంద రూపాయలంటే మాటలు కాదు.

ఆ చట్టంలో ఒక చిన్న వాక్యముంది. దాన్ని చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. రేడియో ఎవరి దగ్గర ఉన్నట్టు లెక్క? ఎవరి అదుపులో ఉన్నట్టు కనబడితే వాళ్ళ దగ్గర, లేదా ఏ ఇంట్లో ఉందో ఆ ఇల్లు నిజంగా ఎవరి అదుపులో ఉందో వాళ్ళ దగ్గర ఉన్నట్టు కోర్టువారు అనుకోవచ్చునట! ఇల్లు నిజంగా ఎవరి అదుపులో ఉంది? ఈ ప్రశ్నకి జవాబు చెప్పమంటే మన ఇళ్ళల్లో ఎన్ని జవాబులొస్తాయి! పొలం అమ్మాలన్నా, పిల్లకి సంబంధం ఖాయం చెయ్యాలన్నా ఇల్లు ఆయన అదుపులో ఉంటుంది. పాలవాడు నీళ్ళు కలిపినప్పుడూ, చాకలి పద్దు తేలనప్పుడూ, చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగినప్పుడూ ఆవిడ అదుపులో ఉంటుంది. మరి రేడియో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడో? దానికి జవాబు ముందు ముందు చెబుతాను.

మన డెల్టాకి రేడియో నిజంగా వచ్చింది మద్రాసు కేంద్రంతో. 1938 జూన్ 16న అది మొదలయింది. కరెంటు లేని ఊళ్ళలో పెద్ద బ్యాటరీలతో పనిచేసే సెట్లు మోతుబరుల సావిళ్ళలో వెలిశాయి. అయినా అదొక వింత వస్తువే. దేశానికి స్వరాజ్యం వచ్చేనాటికి ఇండియా మొత్తానికీ ఆరు స్టేషన్లు, 3 లక్షలకు లోపే సెట్లు. 1948 డిసెంబరు 1న బెజవాడ కేంద్రం వచ్చాక గాని రేడియో మన గుమ్మాలకు చుట్టరికం కలుపుకోలేదు. కృష్ణ ఒడ్డున స్టేషను పెట్టినా అందులో వినబడ్డ గొంతులు చాలా వరకూ మన గోదారి గొంతులే. భక్తిరంజని అనగానే తలుచుకునే బాలాంత్రపు రజనీకాంతరావుగారు నిడదవోలులో పుట్టినవారు. రామాయణ భారతాలు చెప్పి ఊళ్ళకి ఊళ్ళనే కూచోబెట్టిన ఉషశ్రీగారిది అప్పటి పశ్చిమ గోదావరిలోని కాకరపర్రు. ఆయన గొంతు వినబడుతుంటే కిళ్ళీకొట్ల ముందు సైకిళ్ళు ఆగిపోయేవని మావాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆడవాళ్ళు ఆగక్కర్లేదు. వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు, చేతిలో చేటో తిరగలి పిడో ఉన్నా చెవులు ఖాళీగానే ఉన్నాయి. రేడియో చేసిన గొప్ప ఉపకారం నా దృష్టిలో అదే. పని మానమనలేదు, పనిలోకి వచ్చి కూచుంది. పుస్తకం చదవాలంటే కళ్ళూ చేతులూ రెండూ ఖాళీ చేసుకోవాలి. అంత తీరుబడి ఏ కోడలికుంటుంది?

ఇంకో ముచ్చట చెప్పాలి. మా అమ్మమ్మ తరంలో, మా అమ్మ తరంలో కూడా, రేడియో చాలా ఇళ్ళలోకి పెళ్ళితోపాటు వచ్చింది. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో. అలకపాన్పు మీద కూచుని రేడియో ఇస్తే గాని దిగనన్న పెళ్ళికొడుకులు మన జిల్లాలో కొల్లలు. కట్నం లెక్కలోకి రాని ఆ లాంఛనాన్ని మావగారు అప్పో సప్పో చేసి కొనేవారు. పిల్లతోపాటు పుట్టింటినుంచి వచ్చిన పెట్టె అది. గడప దాటగానే లైసెన్సు మాత్రం అల్లుడుగారి పేర! ఆ సంగతి ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. పిల్ల ఇంటిపేరే మారినప్పుడు రేడియో పేరు మారడంలో విడ్డూరమేముంది?

అప్పటి పెద్ద రేడియోలకి ఏరియల్ కావాలి. రెండు వెదురు గడలకో, పెరట్లో రెండు కొబ్బరిచెట్లకో రాగి వల కట్టేవారు. పావు మైలు దూరం నుంచి కనబడేది. రేడియో ఉందని ఊరికంతకీ గొప్ప చెప్పే ఆ తీగే, లైసెన్సు తనిఖీ మనిషికి దారి కూడా చూపించేది. ఆయన ఊళ్ళో దిగాడని తెలిస్తే చాలు, కబురు ఆయనకంటే ముందు వీధులన్నీ చుట్టబెట్టేది. కొన్ని రేడియోలు ధాన్యం గాదెలోకి, కొన్ని పరుపుచుట్టలోకి, కొన్ని పక్కింటి వంటింట్లోకి పోయేవి. ఒక మహాఇల్లాలు రేడియోమీద చీర కప్పి పక్కన పసిపిల్లని పడుకోబెట్టి, "పిల్లకి జొరం బాబూ" అని దణ్ణం పెట్టిందిట. చట్టాన్ని తప్పించుకోవడం మెచ్చుకోదగ్గ పని అనను. కాని ఆ కథ చెప్పేటప్పుడు మా పెద్దవాళ్ళ మొహాల్లో వెలుగు చూస్తే మెచ్చుకోకుండా ఉండలేను.

మా అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆవిడకి దాచే అవకాశం కూడా దొరకలేదు. మధ్యాహ్నం, అన్నాలయి, గిన్నెలు సర్దుకుంటూ పాటలు వింటోంది. తలుపు చప్పుడయింది.

"అమ్మగారండీ, అయ్యగారున్నారాండీ?"

"లేరు బాబూ. చేలోకెళ్ళారు."

"రేడియో లైసెన్సు చూద్దారని వచ్చానండి."

లోపల పాట గట్టిగా పాడుతూనే ఉంది. లేదని ఎలా అంటుంది? పుస్తకం తెచ్చింది. ఎవరి పేరనుందండీ అన్నాడు, దానిమీద రాసే ఉన్నా, రూలు ప్రకారం అడగాలి కాబోలు. "మావారి పేరే" అంది. "వారి పేరేంటండీ?" అక్కడ వచ్చింది చిక్కు. కట్టుకున్నవాడి పేరు పైకి చెబుతుందా ఆవిడ! చెబితే ఆయుష్షు తగ్గదూ? "ఏడుకొండలవాడి పేరు బాబూ" అంది. ఆయన గోవిందుగారా అన్నాడు, వెంకటేశంగారా అన్నాడు. ఏడుకొండలవాడికి వెయ్యి పేర్లు, తాతగారిది అందులో తొమ్మిది వందల చిల్లరది. ఆఖరికి వీధిలో గోళీలాడుతున్న పక్కింటి కుర్రాణ్ణి పిలిచి వాడిచేత చెప్పించింది.

పేరు తేలింది. తీరా పుస్తకం తిప్పితే ఆ ఏడాది బిళ్ళ లేదు. తాతగారు ఎరువుల హడావిడిలో కట్టడం మరిచిపోయారు. ఆయన వచ్చాక కట్టిస్తానంటే ఆ వచ్చినాయన వినలేదు, అపరాధంతో సహా ఇప్పుడే ఇస్తే తనే పోస్టాఫీసులో కట్టించేస్తానన్నాడు. అమ్మమ్మ లోపలికెళ్ళి పోపులపెట్టె అడుగునుంచి, మజ్జిగా దబ్బకాయలూ అమ్మి కూడబెట్టుకున్న చిల్లర తెచ్చి లెక్కపెట్టి ఇచ్చింది. రసీదు తాతగారి పేర వచ్చింది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, సంగతంతా విని, కాళ్ళు కడుక్కుంటూ ఒక్కమాటే అన్నారట: "నిన్నెవడు తలుపు తియ్యమన్నాడే?"

ఈ మాటని మా ఇంట్లో నలభై ఏళ్ళు సామెతలా వాడుకున్నాం. పాలు పొంగిపోయినా, బస్సు తప్పిపోయినా, "నిన్నెవడు తలుపు తియ్యమన్నాడే?" అని నవ్వుకునేవాళ్ళం. అందులో నవ్వు కానిది కూడా ఉందని నాకు కొంచెం వయసొచ్చాక గాని తట్టలేదు.

1960లలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఏరియల్ గడలు పడిపోయాయి. రేడియో చేలగట్టు మీదికి, పడవలోకి, మేకల వెంట కూడా పోయింది. చట్టానికి మొదటిసారి తల తిరిగింది. ఇంటి చిరునామా రాసుకున్న పుస్తకం ఇంట్లో ఉంది, పెట్టె చూస్తే రావులపాలెం రేవులో పాడుతోంది. కదిలే పెట్టెని కదలని చిరునామాకి కట్టడం ఎలా? ఈ చిక్కు కంప్యూటరుతో వచ్చిందనుకుంటారు గాని, ట్రాన్సిస్టరుతోనే వచ్చింది.

పైగా కట్టేదొకరికి, వినేదొకరిని! 1952 నుంచి సమాచార శాఖ మంత్రిగా ఉన్న కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గించేశారు. జనమేం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోను పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి తెలుగు పాటలు కూడా వచ్చేవి. లైసెన్సు డబ్బు ఢిల్లీకి, చెవులు కొలంబోకి! 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టిన తర్వాత గాని ఆ చెవులు వెనక్కి రాలేదు.

ఆ 15 రూపాయలూ వట్టి దండగ అని కూడా అనను. 1967 నవంబరులో వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు మొదలుపెట్టేదాకా ఆకాశవాణి మనకి సబ్బు అమ్మలేదు, పళ్ళపొడి అమ్మలేదు. గాలివాన రోజుల్లో ఒక ఇంటి రేడియో చుట్టూ నాలుగిళ్ళవాళ్ళూ చేరేవారు. లైసెన్సున్న చెవులేవి, లేని చెవులేవి అని ఎవరూ అడగలేదు. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన మింగినప్పుడూ, 1996 నవంబరులో మన కోనసీమ కొబ్బరితోటల్ని తుపాను నేలమట్టం చేసినప్పుడూ కరెంటు పోయిన ఊళ్ళకి బయటి లోకపు మాట మోసింది బ్యాటరీ రేడియోలే. అలాంటి పెట్టెమీద ఆంక్ష ఉండడమేమిటన్న ప్రశ్న అక్కడే పుట్టాలి నిజానికి.

టెలివిజను మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీలో 1959లో మొదలైనా, హైదరాబాదు కేంద్రం వచ్చింది 1977 అక్టోబరు 23న. డెల్టాలో బొమ్మ స్థిరంగా నిలబడేసరికి 1980లు వచ్చాయి. మళ్ళీ ఇంటిమీద గడ, మళ్ళీ ఊరందరికీ కనబడే గొప్ప, ఈసారి 50 రూపాయలు. అయితే ఈ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. ముందు చిన్న రేడియోలకి మినహాయింపు వచ్చింది, 1985 నాటికి రేడియోకీ టీవీకీ కూడా లైసెన్సు ఎత్తేశారు. తనిఖీ మనిషి రావడం మానేశాడు. పుస్తకాలు భోషాణం అడుక్కి పోయాయి.

పదేళ్ళ తరవాత ఇంకో పెద్ద మాట వచ్చింది. 1993లో జరిగిన హీరో కప్పు క్రికెట్టును ఎవరు ప్రసారం చెయ్యాలన్న తగువు సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అన్నారు న్యాయమూర్తులు. సమాచారం అందుకోవడం వాక్స్వాతంత్ర్యంలో భాగమన్నారు. ఆ బెంచిమీద మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు కూడా ఉన్నారు. 1933లో ఇంట్లో ఉంచుకుంటేనే నేరమన్న వస్తువు, 1995కి వచ్చేసరికి హక్కుకి పనిముట్టయింది. ఇవాళ మన దేశంలో కంప్యూటరులో దూరదర్శన్ చూసినా, ఫోనులో ఆకాశవాణి విన్నా ఎవరూ వచ్చి పుస్తకమేదీ అని అడగరు. 2024 నవంబరులో ప్రసారభారతివారు వేవ్స్ అని సొంత యాప్ కూడా పెట్టారు.

అంతటితో కథ అయిపోయేదే. కాని మన పిల్లలు అక్కడితో ఆగారా? భీమవరం నుంచీ, అమలాపురం నుంచీ, రాజమండ్రి నుంచీ చదువులకనీ ఉద్యోగాలకనీ లండనులూ లెస్టర్లూ వెళ్ళారు. వెళ్ళి, అద్దె ఇంట్లో దిగిన కొద్దిరోజులకే ఒక ఉత్తరం అందుకుంటారు. పేరుండదు, ఈ ఇంట్లో ఉంటున్నవారికి అని ఉంటుంది. మీ చిరునామాకి టీవీ లైసెన్సు లేదు, సంగతేమిటి అని. పిల్లలు హడలిపోయి ఇంటికి ఫోను చేస్తారు. "అమ్మా, మాకసలు టీవీయే లేదు. లాప్‌టాప్ ఉందంతే. దానిక్కూడా లైసెన్సా?"

లైసెన్సే మరి, కొన్నిటికి. ఆ దేశంలో రేడియో లైసెన్సు 1922లో 10 షిల్లింగులతో మొదలయింది, టీవీది 1946లో 2 పౌన్లతో. రేడియోది 1971లో తీసేశారు గాని టీవీది ఉంచారు. 2025 ఏప్రిల్ నాటికి అది ఏడాదికి 174 పౌన్ల 50 పెన్నీలు. కంప్యూటర్లొచ్చాక అక్కడివాళ్ళు తెలివిగా ఒక పని చేశారు. పెట్టె పేరేమిటని అడగడం మానేసి, దాంతో ఏం చేస్తున్నావని అడగడం మొదలుపెట్టారు. లాప్‌టాప్ ఉన్నంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదు. ఏ ఛానలైనా ప్రసారమవుతున్న సమయంలోనే చూస్తే, అది లాప్‌టాప్ కానీ ఫోను కానీ, లైసెన్సు ఉండాలి. బీబీసీవారి ఐప్లేయరులో అయిపోయిన కార్యక్రమం చూసినా ఉండాలని 2016 సెప్టెంబరు 1 నుంచి చేర్చారు. మిగతాచోట్ల పాత సినిమాలు చూసుకుంటే అక్కర్లేదు. మన హైదరాబాదు ఛానల్లో సీరియల్ వస్తుంటే అప్పటికప్పుడు చూశారనుకోండి, అది తెలుగైనా, బీబీసీకి దాంతో ఏ సంబంధం లేకపోయినా, కట్టాల్సిందే! చెవులు కొలంబోకిచ్చి డబ్బు ఢిల్లీకి కట్టిన మన పెద్దవాళ్ళని తలుచుకుని ఓర్చుకోవాలి.

హాస్టళ్ళలో ఉండే విద్యార్థులకి ఒక వెసులుబాటు ఉంది. అది చదివితే అచ్చం మన పుట్టింటి సారె గుర్తొస్తుంది. తల్లిదండ్రుల ఇంటికి లైసెన్సుంటే, హాస్టల్లో పిల్ల చూసే లాప్‌టాప్‌కీ ఆ లైసెన్సే కాస్తుంది. షరతేమిటంటే, లాప్‌టాప్ దాని సొంత బ్యాటరీమీదే నడుస్తూ ఉండాలి. గోడకున్న ప్లగ్గులో పెట్టి చూశావో, రూలు తప్పినట్టే! ట్రాన్సిస్టరు దగ్గర మొదలైన తగువుకి వాళ్ళు చూసుకున్న పరిష్కారమన్నమాట. పుట్టిల్లు భీమవరంలో ఉంటే మాత్రం ఈ సారె అందదు, ఆ ఇంటికి బ్రిటిషు లైసెన్సు ఉండాలి కదా. జర్మనీవాళ్ళకి ఇవన్నీ విసుగెత్తాయి. 2007లో కంప్యూటర్లమీద కూడా రుసుం వేసి చూసి, తర్వాత పెట్టెల లెక్కే మానేసి, 2013 నుంచి ఇంటికింత అని వసూలు చేస్తున్నారు. చూసినా చూడకపోయినా సరే. సోదా బాధ తప్పింది గాని, టీవీ మొహం చూడనివాళ్ళు గొణుక్కుంటూనే ఉన్నారు.

బ్రిటనులో ఆ బాధ తప్పలేదు. ఉత్తరాలకి జవాబు రాకపోతే మనిషే వస్తాడు. లైసెన్సు లేకుండా చూస్తున్నారని రుజువైతే వెయ్యి పౌన్లదాకా జుల్మానా. 2019లో ఈ నేరానికి అక్కడ శిక్షపడినవాళ్ళెవరో లెక్క తీస్తే, నూటికి 74 మంది ఆడవాళ్ళు! ఆడవాళ్ళు ఎక్కువ టీవీ చూస్తారనా? ఎక్కువ దొంగలనా? కాదు. బీబీసీవారే దానిమీద విచారణ చేయించుకున్నారు. బయటపడ్డ కారణాల్లో పెద్దది అతి మామూలుది: తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండేదీ, వెళ్ళి తీసేదీ, అడిగినదానికి నిలబడి జవాబు చెప్పేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. లైసెన్సు ఇంటికి, కేసు మాత్రం తలుపు దగ్గర మాట్లాడిన మనిషిమీద. 1933లో మన చట్టం అడిగిన ప్రశ్నకి, ఇల్లు నిజంగా ఎవరి అదుపులో ఉందన్న దానికి, ఇదీ జవాబు. అధికారం వచ్చి తలుపు కొట్టినప్పుడు ఇల్లెప్పుడూ ఆవిడ అదుపులోనే ఉంటుంది.

మన అమ్మాయిల్లో చాలామంది అక్కడ భర్త ఉద్యోగం మీద వెళ్ళినవాళ్ళే. ఆయన పొద్దున్న రైలెక్కి ఆఫీసుకి పోతాడు. ఈవిడ చంటిపిల్లతో ఇంట్లో, లాప్‌టాప్‌లో తెలుగు ఛానలు పెట్టుకుని, కూర తరుగుకుంటూ. అమ్మమ్మ మధ్యాహ్నానికీ దీనికీ కొబ్బరిచెట్లు తప్ప పెద్ద తేడా లేదు. అందుకని వెళ్ళేవాళ్ళకి ఆవకాయ జాడీతోపాటు ఈ సంగతులూ కట్టి పంపాలి. లైవులో చూసే అలవాటుంటే లైసెన్సు కట్టెయ్యండి, చూడకపోతే అవసరం లేదని ఆ ఆఫీసుకి ముందే రాసెయ్యండి. వచ్చినాయన దగ్గర కోర్టు వారంటు లేకపోతే లోపలికి రానివ్వాలన్న నిర్బంధం లేదు. గడపలో నిలబడి ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పి తీరాలన్నదీ లేదు.

ఇప్పటి అమ్మాయిలకి మొగుడి పేరు చెప్పడానికి సిగ్గూ లేదు, ఆయుష్షు భయమూ లేదు. తడుముకోకుండా ఇంటిపేరుతో సహా చెబుతారు. కాని తలుపు దగ్గర నిలబడ్డాయన ఆ కాగితం మీద రాసుకునేది ఆయన పేరు కాదు, ఈవిడదే.